సంచిలో గాలి, పొట్టలో గాలి

"సార్, బ్యాగు గాలితోని ఉబ్బుతుంది. పేగు ఖరాబయిందా?"

ఆపరేషన్ అయి ఇంటికి వెళ్ళిన మొదటి నెలలో డాక్టరు దగ్గర తరచుగా వినపడే ప్రశ్న ఇది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల ఊళ్ళలో ఇలియోస్టమీ (చిన్నపేగు చివరను పొట్ట మీద బయటికి తేవడం) అన్న మాట వాడేవాళ్ళు తక్కువ. "పేగు బయట పెట్టిండ్రు", "బ్యాగు వేసిండ్రు" అంటారు. రాత్రి నిద్రలో దుప్పటి కింద ఆ బ్యాగు బూరలా ఉబ్బితే మనిషికి గుండె దడ పుడుతుంది, ఊడుతుందేమోనని తెల్లార్లూ కదలకుండా పడుకుంటాడు. ఆ భయం అక్కర్లేదు. సంచిలోకి గాలి వస్తోందంటే పేగు దారి తెరిచే ఉందని అర్థం. సంచి ఖాళీగా ఉండి పొట్ట బిగుసుకుంటే మాత్రం కాలయాపన చేయకూడదు. ఈ రెండు ఉబ్బరాలకీ తేడా తెలియక కొందరు ఊరికే బెంగపడుతుంటే, కొందరు బెంగపడాల్సిన రాత్రి ఆముదం తాగి పడుకుంటున్నారు.

పాశ్చాత్య దేశాల పుస్తకాల్లో ఇలియోస్టమీ అధ్యాయం అల్సరేటివ్ కొలైటిస్ జబ్బుతో మొదలవుతుంది. జగిత్యాల జిల్లా బుగ్గారం లాంటి మండలంలో ఆ జబ్బూ ఉంది, పేగు క్యాన్సరూ ఉంది. కానీ మన దేశంలో ఎమర్జెన్సీ ఆపరేషన్ గదుల్లో పేగు బయట పెట్టడానికి పాత కారణాలు రెండు ఇంకా పోలేదు: టైఫాయిడ్, పేగు టీబీ. టైఫాయిడ్ క్రిములు చిన్నపేగు చివరి భాగంలో, పేగు గోడలో ఉండే రోగనిరోధక కణాల గుంపుల్లో తిష్ఠ వేస్తాయి. జ్వరం మొదలైన రెండో మూడో వారంలో అక్కడ పుండు పడి, పేగుకు రంధ్రం పడవచ్చు. పేగులోది పొట్టలోకి కారి చీము పట్టిన స్థితిలో, కుట్లు నిలవవని తోస్తే సర్జన్ పేగును కొన్నాళ్ళు బయటికి తెచ్చి పెడతాడు. టైఫాయిడ్ కాంజుగేట్ టీకాల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదట ఆమోదించినది హైదరాబాదులో తయారైన టైప్‌బార్ టీసీవీ. ఆ టీకా పుట్టిన రాష్ట్రంలోనే కలుషితమైన నీళ్ళ వల్ల పేగుకు రంధ్రాలు పడటం చిన్న వైరుధ్యమేమీ కాదు.

ఇలా తాత్కాలికంగా పెట్టిన పేగును, అంతా కుదిరితే, రెండు మూడు నెలల తర్వాత మళ్ళీ లోపలికి కలిపేస్తారు. పెద్దపేగు మొత్తం తీసేసినవాళ్ళలో చాలామందికి మాత్రం సంచి జీవితాంతం తోడు.

అసలు పేగు నోటిని ఎలా తయారుచేస్తారో తెలిస్తే ఉబ్బరం సంగతి సగం తెలిసినట్టే. దీని వెనక ఒక కథ ఉంది. 1952కు ముందు సర్జన్లు చిన్నపేగు చివరను పొట్ట గోడ గుండా బయటికి లాగి, అలాగే వదిలేసేవారు. పేగుకు లోపలి పొర జీర్ణరసాలకు అలవాటుపడింది. బయటి పొర వాటినెన్నడూ చూసి ఎరగదు. బయటికి వచ్చిన ముక్క మీద ఆ పొరే తేలి ఉండేది. రోజంతా కారే క్షార ద్రవమూ, అందులోని ఎంజైములూ దాన్ని మంటెక్కించి, వాపు తెప్పించి, గట్టిపరిచి, నోటిని ఇరుకు చేసేవి. ఆ ఇరుకు వెనక గాలి, ద్రవం పేరుకుని పొట్ట ఉబ్బేది, మెలిపెట్టేది. వింతేమిటంటే, దారి ఇరుకైన కొద్దీ నీళ్ళలాంటి ద్రవం లీటర్లకు లీటర్లు కారేది. అడ్డు వెనక సాగిపోయిన పేగు నీటిని పీల్చుకోవడం మాని, తానే నీటిని వదులుతుంది. వారెన్, మెకిట్రిక్ అనే అమెరికన్ సర్జన్లు 1951లో ఈ అవస్థను వివరంగా రాశారు.

మరుసటి ఏడు ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ సర్జన్ బ్రయాన్ బ్రూక్ లాన్సెట్ పత్రికలో ఒక చిన్న మార్పు ప్రకటించాడు. బయటికి తెచ్చిన పేగు చివరను చొక్కా చేతిని మడిచినట్టు వెనక్కి తిప్పి, చర్మానికి కుట్టేయాలి. లోపలి పొర బయటికి వస్తుంది, రసాలు దాన్నేమీ చేయలేవు. నోరు రెండు మూడు సెంటీమీటర్లు పైకి నిలబడుతుంది కనుక ద్రవం చర్మం మీద పాకకుండా నేరుగా సంచిలో పడుతుంది. నేడు జగిత్యాలలోనైనా, కరీంనగర్‌లోనైనా, హైదరాబాదులోనైనా సర్జన్లు పెట్టేది ఈ బ్రూక్ మడతే. తాత్కాలికంగా పెట్టేవాటిలో ఎక్కువగా పేగు వంపును బయటికి లాగి, ఒకే చోట రెండు నోళ్ళు చేస్తారు. అమెరికాలో రూపర్ట్ టర్న్‌బుల్ బృందం 1966లో ఈ పద్ధతిని వెలుగులోకి తెచ్చింది. ఈ రకం పెట్టుకున్నవాళ్ళకు కింది దారి ఇంకా బతికే ఉంటుంది కాబట్టి, అప్పుడప్పుడు మలద్వారం నుంచి జిగురు, కాస్త గాలి వస్తే కంగారు పడనక్కర్లేదు.

ఎర్రగా తడిగా కనిపించే ఈ నోటికి స్పర్శ తెలియదు. ముట్టుకుంటే నొప్పి ఉండదు. దానికి బిగించే కండరమూ లేదు. ఈ రెండో మాటను బాగా గుర్తుపెట్టుకోవాలి. గాలి వచ్చినప్పుడు ఆపుకోవడం మనిషి చేతిలో ఉండదు. పెళ్ళి పందిట్లో, బస్సులో, శవం దగ్గర కూర్చున్నప్పుడు "గుర్ర్"మంటే అది అతని తప్పు కాదు. మోచేతినో అరచేతినో సంచి మీద మెల్లగా ఆనిస్తే శబ్దం కొంత తగ్గుతుంది.

ఇంతకీ గాలి ఎక్కడిది? మామూలు మనిషి పొట్టలోంచి రోజుకు సుమారు అర లీటరు నుంచి లీటరున్నర దాకా గాలి కిందికి పోతుంది. అందులో పెద్ద వాటా పెద్దపేగు బాక్టీరియాది. అక్కడ గ్రాముకు సుమారు పదివేల కోట్ల బాక్టీరియా ఉంటాయి. అరగని పిండిని, పీచును పులియబెట్టి హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, కొందరిలో మీథేన్ చేస్తాయి. ఇలియోస్టమీ ఉన్నవాళ్ళకు ఆ కర్మాగారం లేదు, లేదా దారి తప్పించారు. చిన్నపేగు చివర నుంచి సంచిలో పడే ద్రవంలో గ్రాముకు కోటి నుంచి పది కోట్ల బాక్టీరియా ఉంటాయి. కాస్త పులియబెట్టడానికి అవి చాలు. పెద్దపేగు లెక్కతో పోలిస్తే మాత్రం వెయ్యో వంతుకు మించవు.

కాబట్టి సంచిలో గాలికి తొలి ముద్దాయి మనం మింగే గాలే. గాలిలో 78 శాతం నైట్రోజన్. ఆక్సిజన్‌ను, కార్బన్ డయాక్సైడ్‌ను పేగు కొంత రక్తంలోకి పంపేస్తుంది, నైట్రోజన్ అంత తేలిగ్గా పోదు. తేన్పుగా రాకపోతే పేగు పొడవునా ప్రయాణం చేసి సంచిలో తేలుతుంది. సాసర్‌లో చాయ్ పోసుకుని "సుర్ర్"మని పీల్చి తాగితే చాయ్‌తోపాటు గాలీ పోతుంది. పొలం పని మధ్యలో గబగబా సద్ది మింగినా అంతే. బీడీ, సిగరెట్ దమ్ము పీల్చినప్పుడల్లా ఒక గుక్క. నోట్లో గుట్కా, వక్క, చూయింగ్ గమ్ ఉంటే ఉమ్మి ఊరుతూనే ఉంటుంది, మింగుతూనే ఉంటాం, ప్రతి మింగుడుకూ కొంత గాలి. పళ్ళు లేని పెద్దవాళ్ళు నమలలేక మింగేస్తారు, వాళ్ళకు రెండు కష్టాలూ వస్తాయి. నిదానంగా, నోరు మూసి నమిలి తినండి అన్న సలహా ముసలి మాటలా వినిపిస్తుంది గానీ, గాలి లెక్కలో దానంత పనిచేసే మందు మరొకటి లేదు.

గ్యాస్ అనగానే గోలీసోడా తాగడం, నీళ్ళలో వంటసోడా కలుపుకోవడం మన దగ్గర మామూలే. అర చెంచా వంటసోడా అంటే సుమారు రెండున్నర గ్రాములు. అది జీర్ణాశయ ఆమ్లంతో పూర్తిగా కలిస్తే ముప్పావు లీటరు దాకా కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. అందులో చాలాభాగం తేన్పుగా బయటికి వస్తుంది. ఆ తేన్పునే "గ్యాస్ పోయింది" అనుకుంటాం. పోయింది మనం ఇప్పుడే చేసుకున్న గ్యాసే! కల్లుదీ దాదాపు ఇదే కథ. సీసాలో ఉన్నప్పుడూ ఈస్టు పని చేస్తూనే ఉంటుంది. పైగా ఆల్కహాల్ వల్ల నీళ్ళు ఎక్కువగా పోతాయి.

తర్వాతి ముద్దాయి పప్పు. కంది, మినుము, శనిగె, బబ్బెర, చిక్కుడు గింజల్లో రాఫినోజ్, స్టాకియోజ్, వెర్బాస్కోజ్ అనే చక్కెరలుంటాయి. వీటిని తెంచడానికి ఆల్ఫా గెలాక్టోసిడేజ్ అనే ఎంజైము కావాలి. అది మనిషి పేగులో లేదు. మినుముల్లో వెర్బాస్కోజ్ పాలు ఎక్కువ. అరగని ఈ చక్కెరలు చిన్నపేగు చివరికి చేరేసరికి బాక్టీరియాకు పండగ. నీటినీ లాగుతాయి, అందుకే సంచిలో నీళ్ళు, నురగ పెరుగుతాయి.

ఇక్కడ వంటింటికి పని ఉంది. పప్పును రాత్రి నానబెట్టి పొద్దున గిన్నెలోకి చూడండి. నీళ్ళు పసుపు తిరిగి, అంచు చుట్టూ సన్నటి నురగ పేరుకుని ఉంటుంది. ఆ చక్కెరల్లో కొంత భాగం నానిన నీళ్ళలోకి దిగుతుంది. ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళతో ఉడికించాలి. అదే నీళ్ళతో ఉడికిస్తే నానబెట్టిన లాభం పోతుంది. మొలకెత్తించిన పెసర్లలో ఈ చక్కెరలు ఇంకా తగ్గుతాయి. గింజ తన ఎదుగుదల కోసం వాటిని తానే ఖర్చు చేసుకుంటుంది. అయితే మొలకలు పచ్చివి తినకూడదు, ఉడికించి నమిలి తినాలి, పొట్టు సంగతి తర్వాత చెప్తాను. ఇడ్లీ పిండి పులిసేటప్పుడు ల్యూకొనోస్టాక్ లాంటి బాక్టీరియా ఈ చక్కెరల్లో కొంత తినేస్తుంది. పొట్ట తట్టుకోలేనివాళ్ళకు మొదట ఇడ్లీ, తర్వాత పల్చటి పెసరుపప్పు, ఆ తర్వాత కంది, చివర్న మినుము, శనిగె అన్న వరస మేలు. వాము, జీలకర్ర, ఇంగువ మన ఇళ్ళలో అలవాటే. కొందరికి సుఖంగానే ఉంటుంది, హాని లేదు, కానీ వాటి గురించి గట్టి పరీక్షలు తక్కువ. సిమెథికోన్ మాత్ర చిన్న బుడగల్ని కలిపి పెద్ద బుడగ చేస్తుంది, అది తేలిగ్గా కదులుతుంది. గాలిని మాత్రం మాయం చేయదు.

పాలూ అంతే. పెద్దవాళ్ళలో చాలామందికి పాలచక్కెరను తెంచే ఎంజైము తగ్గిపోతుంది. టైఫాయిడ్, టీబీలతో చిన్నపేగు దెబ్బతిన్నవాళ్ళకు కొన్నాళ్ళు మరీ తక్కువ. రోజుకో గ్లాసు పాలు తాగాల్సిందేనని బలవంతపెట్టే చుట్టాలకు ఈ మాట చెప్పాలి. పలుచటి చల్ల, పెరుగు ఎక్కువమందికి పడతాయి.

వంకాయ వద్దు, పప్పు వద్దు, కోడిగుడ్డు వద్దు, గోబీ వద్దు అంటూ చుట్టుపక్కలవాళ్ళు చెప్పిందల్లా మానేస్తూ పోతే చివరికి అన్నం, చారే మిగులుతాయి. దానికంటే ప్రమాదకరం, గాలి వస్తోందని భోజనమే మానేయడం. పేగు ఖాళీగా ఉన్నా మింగిన గాలి ఆగదు, గురగురలు పెరుగుతాయి. కొద్దికొద్దిగా, వేళకు తినాలి. కొత్త పదార్థాన్ని ఒక్కటొక్కటిగా, కొద్ది మోతాదులో ప్రయత్నించి చూసుకోవాలి. గాలి భయంతో నీళ్ళు కూడా తగ్గించేవాళ్ళుంటారు. అర లీటరు నుంచి లీటరు దాకా ద్రవం రోజూ సంచిలోకి పోతుంది, దాంతో ఉప్పూ పోతుంది. ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే జగిత్యాల జిల్లాలో చెమట రూపంలో ఇంకా పోతుంది. సంచిలోకి విపరీతంగా పోతున్న రోజుల్లో వట్టి నీళ్ళు ఎంత తాగినా ఉప్పు నష్టం తీరదు. లీటరు నీటిలో 20 గ్రాముల గ్లూకోజ్, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల వంటసోడా కలిపే ద్రావణాన్ని లండన్‌లోని సెయింట్ మార్క్స్ ఆసుపత్రి పేరుతో పిలుస్తారు. మామూలు ఓఆర్‌ఎస్ ప్యాకెట్ కన్నా అందులో సోడియం ఎక్కువ. మీ డాక్టరు ఏది తాగమంటే అది తాగండి. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు సొంతంగా మోతాదు నిర్ణయించుకోకూడదు.

సంచి సంగతికి వద్దాం. 1954లో ఎలీజ్ సోరెన్సెన్ అనే డెన్మార్క్ నర్సు, పేగు బయట పెట్టించుకున్నాక ఇల్లు కదలలేకపోయిన తన చెల్లెలు థోరా కోసం, చర్మానికి అంటుకునే జిగురు వలయంతో ఒక సంచిని ఊహించింది. ఆగే లూయీ హాన్సెన్ అనే ప్లాస్టిక్ వ్యాపారి, ఎలీజ్ లాగే నర్సు అయిన తన భార్య ప్రోద్బలంతో దాన్ని తయారుచేశాడు. 1957లో కొలోప్లాస్ట్ కంపెనీ అలా పుట్టింది. ఇప్పటి సంచుల్లో చాలావాటికి పైభాగంలో చిన్న బిళ్ళ కనిపిస్తుంది. అది ఉత్తేజిత బొగ్గు వడపోత. గాలి దాని గుండా బయటికి వెళ్తుంది, కంపు కొట్టే గంధక వాయువులు బొగ్గు మీద అంటుకుపోతాయి. తడిస్తే ఆ బిళ్ళ పనిచేయదు. స్నానానికి వెళ్ళేముందు కంపెనీ ఇచ్చే చిన్న స్టిక్కర్ అంటించి తర్వాత తీసేయాలి. రాత్రి పడుకున్నప్పుడు ద్రవం పాకి బిళ్ళను తడపడం కూడా మామూలే, అప్పుడే సంచి ఉబ్బుతుంది. కొందరు గుండుసూదితో సంచికి రంధ్రం చేస్తారు. గాలి పోతుంది, కంపు మిగులుతుంది, ద్రవం కూడా కారుతుంది. రెండు ముక్కల సంచి అయితే పై రింగును కొంచెం విప్పి గాలి వదిలి మళ్ళీ బిగించవచ్చు. ఒకే ముక్క సంచి అయితే కింద మూత తెరవాలి. మూడో వంతు నిండగానే ఖాళీ చేస్తే చర్మం మీది జిగురుకు బరువు పడదు.

కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల ప్రాంతాల్లో వేలమంది ఆడవాళ్ళు ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడతారు. సంచి ఉండేది సాధారణంగా పొట్ట కుడివైపు కింద. ముందుకు వంగి, చాట అంచు అక్కడ నొక్కుకుంటే గాలితో ఉబ్బిన సంచి జిగురు వలయం పక్క నుంచి లేస్తుంది, ద్రవం చీరకు అంటుతుంది. చాటను ఎడమ తొడ మీదికి జరుపుకుని, గంటకోసారి నడుం నిటారు చేసి సంచిని తడిమి చూసుకుంటే చాలావరకు తప్పుతుంది. లంగా నాడా పేగు నోటి మీదుగా కాకుండా పైనో కిందో కట్టుకోవాలి. ముందే తెలిసి చేసే ఆపరేషన్ అయితే, ఇలా కూర్చోబెట్టి, నిలబెట్టి, నాడా ఎక్కడ కడతారో అడిగి, పొట్ట మీద గుర్తు పెట్టాలి. అడగకపోతే మనమే చెప్పాలి. రంధ్రం పడి అర్ధరాత్రి వచ్చినవాళ్ళకు అంత తీరిక ఉండదు, అది వేరే సంగతి.

గల్ఫ్‌కు పోయేవాళ్ళకు ఇంకో లెక్క. విమానం లోపల గాలి పీడనం నేల మీదలా ఉండదు, ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నట్టుంటుంది. సంచిలో మూసుకున్న గాలి పావు నుంచి మూడో వంతు దాకా వ్యాకోచిస్తుంది. శంషాబాద్‌లో విమానం ఎక్కేముందు సంచి పూర్తిగా ఖాళీ చేసుకోవాలి. కిటికీ పక్క సీటు కన్నా నడవ పక్క సీటు నయం. విడి సంచులు, టవల్ చేతి సంచిలో ఉండాలి, లగేజీలో వేయకూడదు.

ఇక పొట్ట ఉబ్బరం. పేగు పొట్ట కండరాల మధ్య నుంచి బయటికి వచ్చే చోట దారి సన్నగా ఉంటుంది. ఆపరేషన్ తర్వాత లోపల పేగులు ఒకదానికొకటి అతుక్కుపోవచ్చు కూడా. ఆ సన్నని చోట అరగని పీచు ఉండలా చిక్కుకుంటే పేగుకు అడ్డం పడుతుంది. మన ప్రాంతంలో మొదటి అనుమానం మక్కల మీద పెట్టుకోవాలి. వానకాలం చేల గట్ల మీద కాల్చిన మక్కకంకిని రెండు వరసలు నమిలేసే అలవాటు అందరిదీ. మక్కగింజ పైపొర సెల్యులోజ్ లాంటి పీచు, దాన్ని తెంచే ఎంజైము మనకు లేదు. గింజ పొట్టు సంచిలో అచ్చంగా అలాగే వచ్చి పడుతుంది, చూసినవాళ్ళకు తెలుసు. పేలాలుగా వేయించినా అంతే. అదే మక్కలను మెత్తగా ఉడికించిన గట్కగా తింటే ముప్పు చాలా తగ్గుతుంది, ఐనా కొద్ది కొద్దిగా మొదలుపెట్టాలి. ధర్మపురిలో నరసింహస్వామి గుడి దగ్గర ఇచ్చే కొబ్బరి ముక్క, సర్వపిండిలో పడే పల్లీలు, శనగపప్పు, పీచు మామిడి, పుట్టగొడుగులు, చెరుకు, జామగింజలు, నమలని బోటికూర, ఇవన్నీ ఇదే జాబితాలోకి వస్తాయి. గమనించండి, వీటిలో చాలావాటికి గ్యాస్‌తో సంబంధం లేదు. గ్యాస్ చేసే జాబితా వేరు, అడ్డం పడే జాబితా వేరు. రెండూ కలిపేసి "పప్పు మానేశాను సార్" అంటూ మక్కకంకి తిన్నవాళ్ళకే రాత్రి కష్టం వస్తుంది.

గుర్తులు ఇవి. సంచిలోకి నాలుగు నుంచి ఆరు గంటలుగా ఏమీ రాలేదు, గాలి కూడా రాలేదు. పొట్ట బిగుసుకుని, తెరలు తెరలుగా మెలిపెడుతోంది. వికారం, వాంతి. పేగు నోరు వాచి రంగు మారుతోంది. కొన్నిసార్లు పూర్తిగా ఆగకుండా, బాగా కంపు కొట్టే పలుచటి నీళ్ళు చిమ్ముకుంటూ వస్తాయి, అది సగం అడ్డం. దాన్ని విరేచనం అనుకుని విరేచనాలు ఆపే మాత్ర వేసుకుంటే అడ్డం ముదురుతుంది.

అన్నం వెంటనే ఆపాలి. సంచిలోకి కాస్తయినా వస్తూ, వాంతి లేకపోతే, ద్రవాలు గుక్క గుక్కగా తాగవచ్చు. అసలేమీ రాకపోతే నీళ్ళు కూడా తాగకూడదు. పేగు నోరు వాచి ఉంటే బిగుతైన సంచిని తీసి, పెద్ద రంధ్రం ఉన్న సంచి పెట్టాలి. గోరువెచ్చని నీళ్ళతో స్నానం, మోకాళ్ళు ఛాతీకి దగ్గరగా ముడుచుకుని పక్కకు పడుకోవడం, పేగు నోటి చుట్టూ పొట్టను మెల్లగా మర్దన చేయడం, వీటితో చాలాసార్లు చిక్కు విడిపోతుంది. విడిపోతే ముందు గాలి బుస్సుమంటుంది, వెనకే ద్రవం దూకుతుంది. ఆముదం, విరేచనాల మందు, ఎనీమా మాత్రం ముట్టకూడదు. మూసుకున్న దారి మీద వెనక నుంచి ఒత్తిడి పెంచితే పేగు చిట్లవచ్చు.

ఒకటి రెండు గంటల్లో విడిపోకపోయినా, వాంతులు మొదలైనా 108కి ఫోన్ చేయాలి. బుగ్గారానికి దగ్గర్లో జగిత్యాల ప్రభుత్వాసుపత్రి ఉంది, అక్కడ 2022లో వైద్య కళాశాల కూడా మొదలైంది. డ్యూటీ డాక్టరు ఆ రాత్రికి కొత్తవాడైతే, సంచి చూసి అది పెద్దపేగు నోరు అనుకునే అవకాశం ఉంది. పాత డిశ్చార్జ్ కాగితం, వాడే సంచి పేరు, కొలత ఒకే కవర్లో పెట్టి తలుపు పక్క మేకుకు తగిలించి ఉంచాలి. ఆ కాగితం లేకపోతే ఇంట్లో ఎవరో ఒకరు ముందుగానే ఈ మాట చెప్పాలి: "సార్, ఇది చిన్నపేగు, పెట్టి ఇన్ని నెలలైంది, పొద్దుటి నుంచి గాలి కూడా రాలేదు, నిన్న మక్కకంకి తిన్నడు."